లక్డీకాపూల్‌లో కర్ర లేదు, పేరుంది: పాత వెబ్‌సైట్‌ను కొత్తగా కట్టే ముందు తెలుసుకోవాల్సిన చరిత్ర



మన గుంపులో నెల రోజులుగా ఒక చర్చ నడుస్తున్నది. మన సీనియర్ అన్న ఒకరు చదువుకునే రోజుల్లో అమీర్‌పేటలో వెబ్ డిజైన్ నేర్చుకుంటూ ఆదివాసీ, గిరిజన విద్యార్థుల కోసం ఒక వెబ్‌సైట్ చేశాడు. 2003 ప్రాంతం మాట. ఆయన చేతి మొదటి పని అదే. ఇప్పుడు ఆయనకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. "చూస్తే నాకే నవ్వొస్తున్నది తమ్మీ, కొత్తగా చేద్దాం" అని ఆయనే ముందుకొచ్చాడు. మనలో సగం మంది పాతది పీకేసి కొత్తది పెడదాం అంటున్నారు. మిగతా సగం అది మన జ్ఞాపకం, ముట్టుకోవద్దు అంటున్నారు. లక్డీకాపూల్ దగ్గర ఉంటున్న మేము నలుగురం అన్నతో కలిసి ఈ పని చేయడానికి ఒప్పుకున్నాం. కోడ్ ముట్టుకునే ముందు, ఇట్లాంటి పని ఇంతకు ముందు ఎవరెవరు ఎట్ల చేశారో చదివాం. చదివింది ఇక్కడ రాస్తున్నాం. పోస్ట్ పొడుగైంది, కానీ చివరి దాకా చదవండి. మీతో పని ఉంది.

ముందు మేముండే చోటి పేరు సంగతి. లక్డీ కా పూల్ అంటే ఉర్దూలో కర్ర వంతెన. ఇవాళ అక్కడ దిగితే రైలు పట్టాల మీద గట్టి వంతెన, దాని పక్కన ఎంఎంటీఎస్ స్టేషన్, పైన మెట్రో లైను కనపడతాయి. కర్ర ఎక్కడా లేదు. అయినా ఆటో అన్నకు "లక్డీకాపూల్" అని చెబితే చాలు, తీసుకొచ్చి దింపుతాడు. కట్టడం మారింది, పేరు మారలేదు. అందుకే దారి తప్పలేదు. పాత వెబ్‌సైట్‌ను మార్చేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే సగం పని తెలిసినట్టే. ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు అనేదే అసలు ప్రశ్న.

అప్పటి సైట్లు అట్ల ఎందుకున్నాయి

లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కితే ఖైరతాబాద్, ఇర్రం మంజిల్, పంజాగుట్ట దాటి నాలుగో స్టేషన్ అమీర్‌పేట. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల గోడలన్నీ కోర్సుల బోర్డులే. డిగ్రీ చేతిలో పెట్టుకుని ఊరి నుంచి వచ్చిన లక్షల మంది అక్కడే కంప్యూటర్ భాషలు నేర్చుకున్నారు. ఉట్నూరు నుంచి, ఏటూరునాగారం నుంచి, భద్రాచలం నుంచి, మన్ననూరు నుంచి వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. జిరాక్స్ సెంటర్‌లో దొరికే నోట్సు, హాస్టల్‌లో షేరింగ్ మంచం, సాయంత్రం నెట్ సెంటర్‌లో ప్రాక్టీసు. మన అన్న సైట్ పుట్టింది ఆ వాతావరణంలోనే.

ఇప్పుడు ఆ సైట్ తెరిస్తే మన పిల్లలు నవ్వుతారు. పైన కుడి నుంచి ఎడమకు పరుగెత్తే అక్షరాలు, కింద ఎంత మంది చూశారో చెప్పే అంకెల మీటరు, "800 బై 600లో చూడండి" అనే సూచన, పేజీ మొత్తం గడులు గడులుగా. కానీ వీటిలో ప్రతిదానికీ ఒక కారణముంది.

గడుల సంగతి చూద్దాం. పేజీలో ఏది ఎక్కడుండాలో, ఏ రంగులో ఉండాలో విడిగా చెప్పే సీఎస్ఎస్ అనే పద్ధతిని హోకన్ వియుమ్ లీ అనే నార్వే ఆయన 1994లో ప్రతిపాదించాడు. 1996 డిసెంబర్‌లో దానికి మొదటి ప్రమాణం వచ్చింది. కానీ అప్పటి బ్రౌజర్లు దాన్ని తలా ఒక తీరుగా చూపించేవి. అందుకని డిజైనర్లు లెక్కల పట్టికల కోసం పుట్టిన టేబుల్‌ను తెచ్చి పేజీకి అస్థిపంజరంలా వాడారు. అది ఏ బ్రౌజర్‌లోనైనా నిలబడేది. అమీర్‌పేటలోనే కాదు, అమెరికాలో కూడా అప్పుడు అట్లనే చేశారు.

ఇక బొమ్మలు. అప్పటి డయలప్ కనెక్షన్ ఎంత బాగున్నా సెకనుకు 56 కిలోబిట్లు, అంటే దాదాపు 7 కిలోబైట్లు. 100 కిలోబైట్ల ఒక్క ఫోటో రావడానికి 14 సెకన్లు పట్టేది. అందుకే మన సైట్‌లో ఫోటోలు అరచేతిలో సగం కూడా లేవు. 800 బై 600 అనేది అప్పటి మానిటర్ల కొలత. చేతిలో ఫోన్ పెట్టుకుని సైట్ చూస్తారని అప్పుడెవరూ అనుకోలేదు. ఐఫోన్ వచ్చింది 2007లో. తెర ఎంతుంటే పేజీ అంతకు సర్దుకునే పద్ధతికి ఈథన్ మార్కాట్ పేరు పెట్టి వ్యాసం రాసింది 2010లో.

కాబట్టి ఈ గడులు, ఈ కొలతలు, ఈ చిన్న ఫోటోలు అప్పటి యంత్రాలకు జవాబులు. యంత్రాలు మారినయి కాబట్టి వీటిని మార్చొచ్చు. ఇందులో మాకు ఏ అనుమానమూ లేదు.

అక్షరాల దగ్గరే అసలు చిక్కు

మన సైట్‌లో ఇంద్రవెల్లి మీద ఒక పేజీ ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో జరిగిన పోలీసు కాల్పుల్లో చనిపోయింది 13 మంది అని ప్రభుత్వ లెక్క. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని మన పెద్దలు, పౌరహక్కుల వాళ్లు మొదటి నుంచీ చెబుతున్నారు. కొంతమంది పెద్దలు చెప్పిన మాటలను అన్న ఊళ్లకు పోయి రాసుకొచ్చి ఆ పేజీలో ఎక్కించాడు. చెప్పినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఇవాళ ఆ పేజీ తెరిస్తే తెలుగు ఒక్క ముక్క కనపడదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు, గీతలు కలిసిన పిచ్చి గీతలే.

ఇది ఎందుకు జరిగిందో తెలియాలంటే తెలుగు ఇంటర్నెట్‌లోకి ఎట్ల వచ్చిందో తెలియాలి. మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ ఇచ్చింది విఎస్ఎన్ఎల్, 1995 ఆగస్టు 15న. అప్పటి కంప్యూటర్ ఫాంటులో ఉండేది 256 గదులు. అందులో సగం ఇంగ్లీషుకే పోయేది. తెలుగుకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, అన్నీ కలిపితే వందల రూపాలు. గదులు చాలవు. అందుకని ఫాంటు చేసేవాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, ఒత్తు ఒక గదిలో పెట్టారు. ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గదుల్లో కూడా తెలుగు ముక్కలు దూర్చారు.

కంప్యూటర్ దాచుకునేది గది నంబరును మాత్రమే. ఆ ఫాంటు ఉన్నంత సేపు తెలుగు కనపడుతుంది. ఫాంటు లేకపోతే ఆ నంబరులో ఉన్న ఇంగ్లీషు అక్షరం బయటికొస్తుంది. పైగా ఒక ఫాంటులో "క" ఉన్న గదిలో ఇంకో ఫాంటులో "ట" ఒత్తు ఉండొచ్చు. ఈనాడుకు ఒక ఫాంటు, వార్తకు ఇంకో ఫాంటు. పేజీతో పాటే ఫాంటు కూడా దిగుమతి అయ్యే డైనమిక్ ఫాంటులు వచ్చినా, అవి మైక్రోసాఫ్ట్ బ్రౌజర్‌కు ఒక రకం, నెట్‌స్కేప్‌కు ఒక రకం. వెతికితే దొరకదు. కాపీ చేసి ఇంకో చోట పెడితే చెడిపోతుంది. తెలుగు కళ్లకు తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం అది తెలుగు కాదు.

దీనికి మందు అప్పటికే ఉన్నది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అందులో "క"కు ఒకటే నంబరు, ప్రపంచమంతా అదే. ఫాంటు ఏదైనా "క" "క"గానే ఉంటుంది. కానీ ప్రమాణం కాగితం మీద ఉండటం వేరు, మన కంప్యూటర్‌లో ఉండటం వేరు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంటులు చేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబర్‌లో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియా మొదలుపెట్టాడు. అదంతా యూనికోడే.

మన అన్న సైట్ చేసిన కాలం సరిగ్గా ఈ రెండు యుగాల నడుమ. నెట్ సెంటర్‌లలో పాత విండోస్ 98 ఇంకా నడుస్తున్నది. అందులో యూనికోడ్ తెలుగు సరిగా కనపడదు. ఊరి పిల్లలు చదవాలంటే పాత ఫాంటే దిక్కు. అప్పటికి అది చదివేవాళ్ల కోసం తీసుకున్న సరైన నిర్ణయం. ఇరవై ఏళ్లకు అదే తాళమై కూర్చున్నది.

ఈ తాళం తీసినవాళ్లు

ఇక్కడ తెలుగువాళ్లు చేసిన పని ఒకటి మనం గర్వంగా చెప్పుకోవచ్చు. తెలుగు వికీపీడియా మొదలుపెట్టిన అదే వెన్న నాగార్జున "పద్మ" అనే పరికరం రాశాడు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో దాన్ని పెట్టుకుంటే ఈనాడు, వార్త లాంటి సైట్ల పాత ఫాంటు అక్షరాలు అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మారి కనపడేవి. ఆ పత్రికలు తమ సైట్లు మార్చుకోక ముందే చదివేవాళ్లకు దారి దొరికింది. ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసుకోవడానికి వీవెన్ "లేఖిని" చేసిపెట్టాడు. తర్వాత ఒక్కొక్కటిగా పత్రికల సైట్లన్నీ యూనికోడ్‌కు వచ్చాయి.

మనకు బాగా పనికొచ్చే ఉదాహరణ ఈమాట పత్రిక. అమెరికాలో ఉన్న కొలిచాల సురేశ్, మరికొందరు తెలుగువాళ్లు కలిసి 1998లో దాన్ని మొదలుపెట్టారు. కాగితం లేదు, ఇంటర్నెట్ మీదే. తెలుగులో యూనికోడ్ ఎవరికీ అలవాటు లేని కాలం అది. తర్వాత యూనికోడ్‌కు మారినప్పుడు ఇక నుంచి వచ్చే సంచికలు మాత్రమే కొత్త పద్ధతిలో అని ఊరుకోలేదు. 1998 నాటి మొదటి సంచికల దాకా అన్నీ మార్చి పెట్టారు. ఈ రోజు ఫోన్‌లో తెరిచినా అప్పటి రచనలు చదవొచ్చు, వెతకొచ్చు. ముస్తాబు ఎన్నిసార్లు మార్చినా పాతవి పాత పేర్లతో, పాత తేదీలతో ఉన్నాయి. తాము మొదట్లో చేసిన పనిని తామే మళ్లీ కట్టడమంటే మాకు అర్థమైంది ఇది.

మార్చడం అంటే ఒక గది నంబరుకు ఇంకో నంబరు పెట్టడం అనుకునేరు. "స్త్రీ" అనే మాట చూడండి. పాత ఫాంటులో కంటికి కనపడే వరుసలో రాస్తారు: ముందు "సీ", తర్వాత త ఒత్తు, తర్వాత ర ఒత్తు. యూనికోడ్‌లో నోటితో పలికే వరుస: స, త, ర, చివరికి దీర్ఘం. అంటే ముక్కలను పేర్చే క్రమం కూడా మారాలి. ప్రోగ్రాం ఇది చేస్తుంది. కానీ మన సైట్‌లో ఉన్నది ఒట్టి తెలుగు కాదు. తెలుగు లిపిలో రాసిన గోండి, కోయ, బంజారా మాటలున్నాయి. గోండిలో "ఏర్" అంటే నీళ్లు. తెలుగు స్పెల్ చెక్ దాన్ని "ఏరు" అని దిద్దితే నీళ్లు కాస్తా వాగు అవుతుంది. "పేన్" అంటే మన దేవుడు. దాన్ని "పెన్" చేస్తే రాసుకునే కలం. కాబట్టి యంత్రం మార్చిన ప్రతి పేజీని ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లు చదివి సరే అన్నాకే పైకి పెట్టాలి.

మన భాషలకు ఈ బాధ పాతదే

మన మాటలను ఏ అక్షరాల్లో దాచాలి అనే ప్రశ్న కంప్యూటర్ కంటే చాలా ముందటిది. పర్లాకిమిడిలో టీచరుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారిని వ్యావహారిక భాషా ఉద్యమం కోసం అందరూ గుర్తుపెట్టుకుంటారు. ఆయన జీవితంలో సగం సవర భాషకు ఇచ్చిన సంగతి మన పాఠాల్లో ఒక్క లైనే. ఆయన సవర మాట్లాడేవాళ్ల దగ్గర ఆ భాష నేర్చుకుని, మొదట్లో సవర పిల్లలకు తెలుగు లిపిలోనే వాచకాలు రాశాడు. సవర ధ్వనులన్నిటికీ తెలుగు అక్షరాలు చాలవు. ఆ తర్వాత ధ్వనులను కచ్చితంగా చూపించే లిపి పద్ధతిలో పనిచేసి 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. మొదలుపెట్టిన పనిని ముసలితనం దాకా మెరుగు చేస్తూ వచ్చాడు. ఇంతలో 1936లో మంగేయి గొమాంగో అనే సవర ఆయన తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి చేశాడు. అది 2012లో యూనికోడ్‌లో చేరింది.

మన ఆదిలాబాద్ కథ ఇంకా దగ్గరిది. 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. అప్పుడు గోండి వాచకాలు దేవనాగరిలో అచ్చయ్యాయి. అంతకు ముందే, 1918లో, బాలాఘాట్ వైపు మున్షీ మంగళ్ సింగ్ మసరాం గోండికి ఒక లిపి తయారుచేశాడు. వీటన్నిటికీ ముందే నార్నూర్ మండలం గుంజాలలో మనవాళ్ల ఇళ్లలో వేరే లిపిలో రాసిన చేతిరాత పుస్తకాలున్నాయి. ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. అవి సుమారు 1750 నాటివని అంచనా. అప్పటికి దాన్ని చదవగలిగిన పెద్దలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 2014లో ఆ లిపికి మొదటి కంప్యూటర్ ఫాంటు వచ్చింది. తర్వాత అన్షుమాన్ పాండే ప్రతిపాదన రాశాడు. 2017లో మసరాం గోండి, 2018 జూన్‌లో గుంజాల గోండి యూనికోడ్‌లో చేరాయి. గుంజాల లిపికి 63 అక్షరాలు, గుర్తులు.

యూనికోడ్‌కు ఒక కట్టుబాటు ఉంది. ఒకసారి ఒక అక్షరానికి స్థానం ఇచ్చాక దాన్ని తీసేయరు, వేరే చోటికి జరపరు. ఫాంటు ఎంత మంది ఎన్ని రకాలుగా గీసినా సరే, అక్షరం చిరునామా అదే. గుంజాల పెద్దాయన రాసిన అక్షరానికి, రేపు మన చెల్లె ఫోన్‌లో టైపు చేసే అక్షరానికి ఒకే నంబరు. రూపం మారవచ్చు, చిరునామా మారొద్దు అనే మాటను ప్రపంచం ఇంత గట్టిగా రాసుకున్న చోటు ఇంకోటి మాకు కనపడలేదు.

పెద్ద పెద్ద వాళ్లే పోగొట్టుకున్నారు

ఇదంతా మన పేదరికం వల్ల వచ్చిన బాధ అనుకోవద్దు. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైట్‌ను టిమ్ బెర్నర్స్ లీ జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనా కేంద్రంలో పెట్టాడు. 1991 మాట. ఆ పేజీని రోజూ మారుస్తూ పోయారు, పాత రూపాన్ని ఎవరూ దాచలేదు. 2013లో సెర్న్ వాళ్లు ఆ మొదటి సైట్‌ను మళ్లీ నిలబెట్టాలని పూనుకున్నప్పుడు వాళ్ల దగ్గర దొరికిన పాత ప్రతి 1992 నాటిది. 1991 నాటి ప్రతి ఒకటి అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీ ప్రొఫెసర్ పాల్ జోన్స్ పాత కంప్యూటర్‌లో బయటపడింది. చేసినవాళ్ల ఇంట్లో లేనిది, బయటివాళ్ల దగ్గర దొరికింది.

ఆ టిమ్ బెర్నర్స్ లీనే 1998లో ఒక చిన్న వ్యాసం రాశాడు. మంచి చిరునామాలు మారవు అని దాని సారాంశం. సైట్ మార్చినప్పుడు పేజీల చిరునామాలు మార్చేస్తే వాటిని పుస్తకాల్లో, ఉత్తరాల్లో రాసుకున్నవాళ్లందరికీ దారి తెగుతుందని ఆయన బాధ.

రెండు సైట్ల కథ పక్కపక్కన పెట్టి చూడండి. జియోసిటీస్ అనే చోట మామూలు జనం ఉచితంగా లక్షల సొంత పేజీలు కట్టుకున్నారు. 1999లో యాహూ దాన్ని కొన్నది, 2009 అక్టోబర్ 26న మూసేసింది. కొందరు స్వచ్ఛందంగా రాత్రింబగళ్లు దించుకుని చాలా పేజీలు కాపాడారు, అన్నీ కాదు. ఇంకోవైపు స్పేస్ జామ్ అనే సినిమా సైట్ 1996లో పెట్టింది పెట్టినట్టు ఉండిపోయింది. 2021లో రెండో సినిమా వచ్చినప్పుడు కొత్త సైట్ కట్టారు. పాతదాన్ని తుడిచేయలేదు, 1996 అనే పేరుతో పక్క గదిలో ఉంచారు. ఒక వ్యాపార సినిమా బొమ్మల సైట్‌కు దక్కిన మర్యాద, ఇంద్రవెల్లి పెద్దల మాటలకు దక్కకపోతే ఎట్ల?

ఇంద్రవెల్లి స్తూపం సంగతి మనకు తెలుసు. ఒకసారి కూల్చారు. మళ్లీ అక్కడే నిలబడింది. ఇంకో చోట ఇంకా అందంగా కట్టొచ్చు, కానీ ఆ నేలకున్న విలువ ఇంకో చోటికి రాదు. ప్రతి ఏప్రిల్ 20న జనం పోయేది ఆ చోటికే.

మేము చేయబోయేది

ఇంత చదివాక పీకేయాలా, ముట్టుకోవద్దా అనే గొడవ మాకు తప్పు గొడవ అనిపించింది. ఏది దేనికోసం ఉన్నదో చూసి ఒక్కోదాని మీద ఒక్కో నిర్ణయం తీసుకోవాలి. మేము, అన్న కూర్చుని రాసుకున్నది ఇది.

మొదటిది, ఒక్క లైను మార్చక ముందే ఉన్నది ఉన్నట్టు మూడు ప్రతులు తీస్తాం. ఒకటి అన్న దగ్గర, ఒకటి మన గుంపు దగ్గర, ఒకటి ఊళ్లో. పాత ఫాంటు ఫైలు కూడా దాంతో పాటే. ఫాంటు పోతే ఆ గీతలను చదివే తాళంచెవి పోయినట్టే. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కొన్ని పేజీలు ఉన్నాయి కానీ ఫోటోలు సగం లేవు. దాని మీదే నమ్మకం పెట్టుకోలేం.

రెండోది, అక్షరాలన్నీ యూనికోడ్‌కు. యంత్రంతో మార్చి, మనుషులతో చదివిస్తాం. గోండి పేజీలు గోండి ఇంటివాళ్లు, కోయ పేజీలు కోయ ఇంటివాళ్లు, బంజారా పేజీలు తండా వాళ్లు.

మూడోది, పాత చిరునామాలన్నీ పనిచేయాలి. ఎవరైనా పదిహేనేళ్ల కింద డైరీలో రాసుకున్న లింకు కొడితే కొత్త పేజీకి దానంతట అదే పోయేటట్టు 301 అనే ఏర్పాటు చేస్తాం.

నాలుగోది, గడులు, పరుగెత్తే అక్షరాలు, 800 బై 600 అన్నీ తీసేస్తాం. చిన్న ఫోన్‌లో, సిగ్నల్ సరిగా లేని గూడెంలో కూడా తెరుచుకోవాలి. ఇందులో పాత సైటే మనకు గురువు. ఒక్క పేజీ 50 కిలోబైట్లు దాటకుండా అన్న అప్పుడు చేశాడు. ఇప్పటి సైట్లు దానికి ఎన్నో రెట్లు బరువు. అందం కోసం మళ్లీ ఆ బరువు ఎత్తుకోం.

ఐదోది, పాత రూపాన్ని ఒక పక్క గదిలో అట్లనే ఉంచుతాం, చేసిన ఏడాదితో, చేసినవాళ్ల పేర్లతో. అమీర్‌పేటలో నేర్చుకుంటున్న మన పిల్లగాడు మొదటి పని ఎట్ల ఉంటుందో చూడాలి. అన్న ముందు ఒప్పుకోలేదు. "కొత్తగా ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూస్తే?" అన్నాడు. ఈమాట, సెర్న్ కథలు చెప్పాక సరే అన్నాడు.

ఆరోది కొంచెం కష్టమైంది. పాతదంతా దాచాల్సిందే అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఆ సైట్‌లో కొందరి ఫోన్ నంబర్లున్నాయి. అప్పుడు చదువుకుంటున్న అక్కల ఫోటోలు, ఊరి పేర్లతో సహా ఉన్నాయి. కొన్ని పూజల ఫోటోలు బయటివాళ్లు చూడకూడనివి. 2003లో ఆ పేజీ చూసేది వంద మంది. ఇప్పుడు ఎవరైనా, ఎక్కడి నుంచైనా చూడొచ్చు. అందుకని వాటిని పైనుంచి తీసి, ఆ మనుషులను, ఆ కులపెద్దలను అడుగుతాం. వాళ్లు ఉంచమంటే ఉంచుతాం. వద్దంటే మన ప్రతిలో కూడా ఉండవు. బయటివాళ్లు వచ్చి మన ఫోటోలు తీసుకుపోయి అడగకుండా పుస్తకాల్లో వేసుకున్నారని మనం అంటుంటాం. మనం కూడా అదే పని చేయొద్దు కదా.

ఇప్పుడు మీతో పని. ఆ సైట్ నడుస్తున్న రోజుల్లో ఎవరైనా పేజీలు ప్రింట్ తీసుకుని ఉంటే, పాత సీడీల్లో, పాత కంప్యూటర్‌లో దాచుకుని ఉంటే చెప్పండి. ఇంద్రవెల్లి పేజీలో రెండు భాగాలు మా దగ్గర లేవు. సెర్న్‌కు దొరికినట్టు మనకు కూడా ఎవరింట్లోనో దొరుకుతుందని మా ఆశ. గోండి, కోయ, కొలామి, బంజారా చదివి దిద్దగలిగే పెద్దలు మీ ఇంట్లో ఉంటే వాళ్లను అడిగి కింద రాయండి. ఊరికి వచ్చి, పక్కన కూర్చుని చదివి వినిపించే పని మాది.